అద్దంలో అబుందియో

"వద్దే యాదిరా, ఆయన ఫోటో పెట్టకు. రేపు ఆ తలుపు తోసుకుని మనిషి వచ్చి నిలబడితే ఏ మొహం పెట్టుకుని చూస్తావే?"

నా కూతురు నిచ్చెన మీద నుంచి దిగలేదు. నోట్లో గుండుసూదులు కరిచిపట్టుకుని తెల్ల శాటిన్ గుడ్డని కుచ్చులు కుచ్చులుగా చెక్కకి గుచ్చుతోంది. ఆ సూదులు తీసి అరచేతిలో వేసుకుని అంది.

"నేను కాస్త ఆలస్యంగా వస్తే కారు బోల్తా పడిందంటావు. దగ్గితే క్షయ అంటావు. ఫోన్ మోగితే చావు కబురంటావు. ఊళ్ళో అందరినీ రోజుకోసారి చంపుతావు కదమ్మా, నిజంగా పోయిన ఒక్క మనిషిని మాత్రం బతికించుకుని కూర్చున్నావేం?"

"ముందు ఆ సూదులు డబ్బాలో పెట్టు. మింగి చస్తావు."

"చూశావా!"

కింద నిచ్చెన పట్టుకున్న దోన్ మాసెదోనియో పొట్ట ఊగేలా నవ్వాడు. ఆయన మా పిల్లలకి నాట్యం నేర్పుతాడు, ట్రంపెట్ వాయిస్తాడు, నవ్వకూడని చోటల్లా నవ్వుతాడు. నవ్వి, ఎందుకు నవ్వానా అన్నట్టు నిచ్చెన వైపు తిరిగిపోయాడు. ఆ మాటల్లో ఉన్న మనిషి ఆయన ప్రాణ స్నేహితుడు.

మా సంఘం చేరే ఈ బంతిపూల ఇల్లు ఒకప్పుడు లాండ్రీ. పైపులు పీకేసిన గుర్తులు గోడల నిండా ఇప్పటికీ ఉన్నాయి. నెబ్రాస్కాలో ఈ మూలకి మేమందరం పశువుల్ని కోసే కర్మాగారం కోసం వచ్చాం. పిల్లలు ఇక్కడే పుట్టారు. వాళ్ళకి చక్రాల చెక్కల మీద జారడం వచ్చు, హాంబర్గర్ తినడం వచ్చు, తాత పేరు అడిగితే మాత్రం బిత్తరచూపులు చూసేవారు. అది చూడలేక ఆ ఫోటోలోని మనిషి, దోన్ అబుందియో, ఈ లాండ్రీ అద్దెకు తీసుకున్నాడు. ఆయనా, ఆయన భార్య క్రిసాంతా, మాసెదోనియో, అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన నా యాదిరా, ఈ నలుగురూ కలిసి సంఘం పెట్టారు. పెద్దరికం అబుందియోది, కాగితాల మీద సంతకాలు యాదిరావి.

అబుందియో చేతిలో ఉన్న విద్య కాగితం. సరిహద్దు అవతల పుయెబ్లా కొండల్లో ఆయన ఊరిలో అదే పని. పల్చటి రంగుకాగితాల కట్టని సీసపు పలక మీద పరిచి, చిన్న చిన్న ఉలులతో సుత్తి పెట్టి కొడతాడు. కట్ట విప్పితే తోరణాలకి తోరణాలు, సైకిలెక్కిన అస్థిపంజరాలు, రొట్టెలు కాల్చే అస్థిపంజరాలు, ముద్దులు పెట్టుకునే అస్థిపంజరాలు. ఊళ్ళో తెల్లవాళ్ళ బడుల నుంచి కూడా బస్సులు కట్టుకుని పిల్లలు వచ్చేవాళ్ళు చూడ్డానికి. పగలంతా కర్మాగారంలో మాంసం కొట్టిన చేతులే అవి. సాయంత్రం ఇక్కడ కాగితం చిరక్కుండా కొట్టేవి.

క్రిసాంతా నా యాదిరాకి జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లి. అంటే నాకూ ఆవిడకీ చుట్టరికం. నేను ఆవిడకి కొమాద్రే, ఆవిడ నాకు కొమాద్రే. తోడబుట్టినవాళ్ళతో తగువు పడినా తీరుతుంది. కొమాద్రేతో పడితే దేవుడి ముందు పెట్టిన మాట విరిచినట్టే. నా భయమంతా అదీ.

వసంతంలో అబుందియో తల్లి మంచాన పడిందని కబురొచ్చింది. వెళ్ళడం సులువే, రావడమే మాకు కష్టం. ఆయన దగ్గర రావడానికి కావాల్సిన కాగితాలు లేవు. నేను ఆరోజే అన్నాను, పోవద్దయ్యా అని. తల్లిని పాతిపెట్టకుండా కొడుకెలా ఉంటాడు, వెళ్ళాడు. ఎండలు ముదిరాక సరిహద్దు నుంచి ఫోన్ చేశాడు, ఇంకొందరితో కలిసి నడిచి వస్తున్నానని. తర్వాత ఫోన్ లేదు.

చాలా రోజులకి ఆ గుంపులోని ఒకతను మా కర్మాగారంలోనే పనికి చేరాడు. మాసెదోనియోని వెతుక్కుని వచ్చి చెప్పాడు. ఎడారిలో నీళ్ళు అయిపోయాయట. ముసలాయన కాళ్ళు తేలిపోయి ఓ ముళ్ళచెట్టు కింద కూర్చుండిపోయాడట. మీరు పదండి, నేను వస్తా అన్నాడట. డబ్బా అడుగున మిగిలిన గుక్కెడు నీళ్ళు ఆయన పక్కన పెట్టి వీళ్ళు నడిచారట. సాయం కోసం ఎవరినో పంపితే అక్కడ చెట్టుంది, మనిషి లేడట.

మాసెదోనియో, యాదిరా, నేను ముగ్గురం వెళ్ళి క్రిసాంతాకి చెప్పాం. ఆవిడ పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడకపెడుతోంది. మొత్తం విన్నది. లేచి మంట తగ్గించింది. మళ్ళీ వచ్చి కూర్చోలేదు, గరిటె పట్టుకుని గోడ వైపు తిరిగి అలాగే నిలబడింది.

అప్పట్నుంచి ఆ సంగతి మీద ఆవిడ నోరు పెగల్లేదు. మిగతా అన్నీ మాట్లాడుతుంది. చలిగా ఉందంటుంది, ఉప్పు తక్కువైందంటుంది, పనిలో కత్తి మొద్దుబారిందంటుంది. అబుందియో పేరెత్తితే చాలు, వినపడనట్టే ఉంటుంది. బంతిపూల ఇంటి గుమ్మం తొక్కడం మానేసింది. యాదిరా ఆసుపత్రులకి, జైళ్ళకి, శవాలుంచే గదులకి ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకుంది. ఎక్కడా ఆ పేరు లేదు. లేదంటే పోయినట్టేనా? అదే నేను అడిగేది.

మా ఆచారంలో ఒక చిక్కుంది. పోయినవాళ్ళ పండగ నాడు పీఠం కట్టి, ఫోటో పెట్టి, బంతిరేకులు గుమ్మం దాకా దారిగా పోస్తాం. ఆ దారి పట్టుకుని వాళ్ళు ఇంటికొస్తారు, తిని, దాహం తీర్చుకుని పోతారు. బతికున్నవాళ్ళ ఫోటో పొరపాటున కూడా ఆ పీఠం ఎక్కకూడదు. ఎక్కిందా, చావుని పేరుపెట్టి పిలిచినట్టే. పెళ్ళి ఫోటోలో పక్కనున్న చుట్టాన్ని కూడా కత్తిరించి పక్కన పెడతారు మావాళ్ళు.

సరే, పెట్టకుండా ఊరుకుందామంటే అటూ భయమే. పోయినవాడికి పీఠం కట్టకపోతే, అందరూ చేతినిండా పూలూ పళ్ళూ మోసుకుని వెనక్కి వెళుతుంటే వాడొక్కడే ఉత్తచేతులతో, దీపం కూడా లేక తన వేలే వెలిగించుకుని పోతాడంటారు. అందులోనూ అబుందియో ఊరి పద్ధతి వేరు. పోయిన మొదటి ఏడు తెల్లగుడ్డలతో మెట్లుమెట్లుగా, మబ్బుల్లాగా పెద్ద పీఠం కట్టాలి. ఆ ఒక్క ఏడే. తర్వాత ఎంత ఏడ్చినా ఆ తెల్లపీఠం మళ్ళీ లేదు.

"శవం లేదు, సమాధి లేదు, గంట కొట్టించలేదు. ఇది కూడా లేకపోతే ఆయనకి ఏం మిగిలినట్టమ్మా?" అంది యాదిరా.

"ఆవిడ్ని అడిగావా?"

"ఫోన్ చేశాను. విన్నది. పెట్టేసింది."

"నేను వెళ్ళి అడుగుతాను. అప్పటిదాకా ఫోటో బల్ల మీదే ఉంచు. నామీద ఒట్టే."

క్రిసాంతా ఇల్లు రైలుపట్టాల అవతల, చక్రాల మీద నిలబెట్టిన రేకు ఇల్లు. చేతిలో మొక్కజొన్న పిండితో చేసిన వేడి తమాలెల గిన్నె పట్టుకుని నడుస్తుంటే గాలి మొహం మీద కొడుతోంది. కర్మాగారం వాసన ఆ వైపే వీస్తుంది. దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. తలుపు తీయదేమో. తీసి గిన్నె నా మొహానే కొడుతుందేమో. లోపల ఉరేసుకుని...

మెట్ల దగ్గర ఆగిపోయాను.

ఆ మెట్లకి రెండు వైపులా ప్రతి ఏడూ క్రిసాంతా బంతి వేస్తుంది. విత్తనం ఊరి నుంచి తెచ్చుకున్నది. పూల కోసం పట్టణమంతా ఆ ఇంటికే వస్తారు. మా పీఠాలన్నిటికీ పూలు అక్కడివే. ఈసారి మెట్ల పక్కన తవ్వి చదును చేసిన మన్ను తప్ప ఏమీ లేదు. ఇంటి వెనక చెత్తడబ్బా పక్కన మొక్కలన్నీ వేళ్ళతో సహా కుప్పగా పడున్నాయి. పూలు ఇంకా వాడలేదు.

లోపల ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి కుర్చీ వైపు గడ్డంతో చూపించింది.

"వేడిగా ఉన్నాయి, తిను కొమాద్రే."

"పెట్టక్కడ. మిరపకాయ ఎక్కువ వేశావా?"

"నీ నోటికి తగ్గట్టే వేశాను."

"అయితే వెయ్యలేదన్నమాట" అంది. ఒక్క క్షణం పాత మనిషి కనిపించింది.

మూలనున్న బల్ల వైపు చూశాను. పండగ రోజుల్లో ఆ బల్ల మీద పీఠం ఉంటుంది. వాళ్ళ అమ్మానాన్నల ఫోటోలు, వాటికన్నా ముందు, పాలు తాగే వయసులో పోయిన వాళ్ళ పసివాడి ఫోటో. ఆ పసివాడికి చిన్న గిన్నెలో పాలు పెట్టకుండా క్రిసాంతా ఒక్క ఏడు కూడా గడపలేదు. ఒకసారి జ్వరంతో లేవలేకపోతే నన్ను పిలిచి నాచేత పెట్టించింది. ఈసారి ఆ బల్ల మీద కుట్టుమిషన్ ఉంది.

అప్పుడు నాకు తెలిసింది. దారి వేస్తే బిడ్డతో పాటు ఆయన కూడా వస్తాడేమోనని. వచ్చాడంటే పోయినట్టేనని. ఆ ఒక్కడు రాకూడదని ఈవిడ గుమ్మం అందరికీ మూసేసింది. కన్నబిడ్డకి కూడా.

అయినా అడిగాను. అడగడానికే కదా వచ్చాను.

"కొమాద్రే, యాదిరా ఆయనకి తెల్లపీఠం కడుతోంది. ఫోటో పెట్టమంటావా, వద్దంటావా? నువ్వు వద్దంటే ఆ పీఠం మెట్లు నేనే విరిచి పొయ్యిలో పెడతాను. ఒక్క మాట చెప్పు."

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. చొక్కా చేతులు వెనక్కి మడిచింది, కాలర్ సరిచేసింది, బొత్తాలు పెట్టింది. మగవాడి చొక్కా. దాన్ని తీసుకెళ్ళి దొంతర మీద పెట్టింది. ఇంకో చొక్కా తీసింది.

తిరిగొచ్చి చెప్తే మాసెదోనియో మీసం గోక్కున్నాడు.

"మౌనం అర్ధాంగీకారం అంటారు కదా దోన్యా హెర్మెలిందా."

"అర్ధమే కదా. మిగతా సగం ఎవరిస్తారు, నువ్విస్తావా?"

"కాదనలేదుగా అమ్మా" అంది యాదిరా. దాని కళ్ళ కింద నల్లగా ఉంది. "కాదని ఒక్క మాటంటే ఆపేసేదాన్ని. నాకు మాత్రం సరదానా? నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆయన."

ఇంకేం అనను. ఒట్టు పెట్టాను కాబట్టి నేను వచ్చేదాకా ఆగింది, అంతే. నా కళ్ళ ముందే ఫోటో తీసుకెళ్ళి కింది మెట్టు మీద పెట్టింది. ఆయన ఊరి పద్ధతిలో ఫోటో మొహం గోడ వైపు తిప్పి, దానికి ఎదురుగా అద్దం ఆనించింది. పోయినవాళ్ళని సూటిగా చూడకూడదట. అద్దంలోనే చూడాలట. నేను వంగి చూశాను. సుత్తి చేత్తో పట్టుకుని, ఫోటో తీస్తున్నవాడిని తిట్టబోతున్నట్టు అబుందియో. దండం పెట్టాలో, పలకరించాలో తెలీక వెనక్కి వచ్చేశాను.

పండగ నాడు పొద్దున్నే ఇంటి నుంచి పెద్ద నీలం బకెట్టు నిండా నీళ్ళు మోసుకెళ్ళాను. ఇంతింత శాటిన్ గుడ్డ, దాని ముందు వరసగా కొవ్వొత్తులు. అంటుకుంటే బయటికి ఉన్నది ఒక్కటే తలుపు.

"బకెట్టు సరే, ఫైరింజన్ ఎక్కడ పెట్టారు దోన్యా?" అన్నాడు మాసెదోనియో.

"నీ పొట్టకి అంటుకుంటే అప్పుడు పిలుస్తాలే."

"అమ్మా, పత్రికవాళ్ళు వస్తారు. ఆ బకెట్టు కనపడకుండా పెట్టు, నీకు పుణ్యముంటుంది" అంది యాదిరా. పీఠం పక్కన గుడ్డ చాటుకి కాలితో నెట్టాను. పూర్తిగా దాగలేదు. నీలం అంచు, పిడి బయటికి కనిపిస్తూనే ఉన్నాయి.

పీఠం బాగానే కట్టింది, ఎందుకు అబద్ధం చెప్పాలి. తెల్లటి మెట్ల మీద చక్కెర రొట్టెలు, ఆయనకిష్టమైన మిరపకాయల గుజ్జు, ఉలులు, సుత్తి. పూలు మాత్రం దుకాణంలో కొన్నవి, వాసన లేవు. మధ్యలో నీళ్ళు, దూరం నుంచి దప్పికతో వచ్చేవాళ్ళకి మొదట అందాల్సింది అవే. యాదిరా వాటిని సన్నటి కాడ ఉన్న గాజుగ్లాసులో పోసింది. ఫోటోల్లో బాగా వస్తుందని.

మధ్యాహ్నానికి జనం వచ్చారు. కర్మాగారం షిఫ్టు దిగి, స్నానాలు చేసి, పిల్లల తలలు నున్నగా దువ్వి. అందరి చేతుల్లో పొడుగాటి మైనపు కొవ్వొత్తులు. తెల్లపీఠానికి వచ్చేవాళ్ళు ఉత్తచేతులతో రారు, కొవ్వొత్తి తెచ్చి ఇంటివాళ్ళ చేతికిస్తారు. ఇంటివాళ్ళు తీసుకుని వెలిగిస్తేనే పోయినవాడి ఇంటికి వచ్చినట్టు.

వరసలో మొదట మాసెదోనియో నిలబడ్డాడు. యాదిరా చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు.

"ఇది ఇంటావిడ చేతికి ఇవ్వాలమ్మా" అన్నాడు మెల్లగా.

"నేను ఆయన జ్ఞానపుత్రికని."

"తెలుసు. అయినా..."

యాదిరా చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. వెనక ఎవరో దగ్గారు. ఇంతమంది ఇన్ని కొవ్వొత్తులు పట్టుకుని, తీసుకునే చెయ్యి లేక నిలబడ్డారు. అప్పటికి అర్థమైంది దానికి, తను చేసిందేమిటో. ఇంటివాళ్ళు ఒప్పుకోని చావుకి పీఠం కట్టింది. నా బిడ్డని పరిగెత్తుకెళ్ళి పట్టుకుందామనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. చల్లగాలి వచ్చి కొవ్వొత్తుల మంటలన్నీ పక్కకి వాలాయి. నా చూపు బకెట్టు మీదకి పోయింది. తర్వాత తలుపు వైపు.

క్రిసాంతా. పని బట్టలతోనే వచ్చింది. రబ్బరు బూట్లు కూడా విప్పలేదు. జనం తప్పుకుని దారిచ్చారు. ఆ బూట్ల చప్పుడు సిమెంటు నేల మీద పీఠం దాకా నడిచింది, అక్కడ ఆగింది.

ఆవిడ మెట్లన్నీ పైనుంచి కిందికి చూసింది. ఉలుల్ని చూసింది. తర్వాత నడుము మీద చెయ్యి పెట్టుకుని వంగింది. అద్దంలో ఆయన మొహం కనిపించాలంటే అంత కిందికి వంగాలి. అలా వంగితే పక్కన మన మొహం కూడా కనిపిస్తుంది. ఆవిడకి ఇద్దరూ కనిపించి ఉంటారు, ఒకే అద్దంలో.

యాదిరా తన జ్ఞానతల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"మద్రీనా, మిమ్మల్ని అడక్కుండా చేశాను. అడిగాను కానీ మీరు చెప్పేదాకా ఆగలేదు. తప్పే. తీసేయమంటే ఇప్పుడే తీసేస్తాను, అందరి ముందూ. ఉంచమంటే ఉంచుతాను. ఏదో ఒకటి చెప్పండి. తిట్టండి. కొట్టండి. మాట్లాడకుండా మాత్రం ఉండకండి."

క్రిసాంతా వంగినది వంగినట్టే ఉంది.

ఏమవుతుందో అన్నీ నా కళ్ళకి కట్టాయి. ఆ అద్దం ఎత్తి నేలకేసి కొడుతుంది. నా బిడ్డని శపిస్తుంది, జ్ఞానతల్లి శాపం ఏడు తరాలు పోదు. లేదా అలాగే గుండె ఆగి ముందుకి పడుతుంది, గుడ్డలు అంటుకుంటాయి, పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు. ఇవేవీ జరగలేదు. పీఠం ముందు కొవ్వొత్తుల మైనం మాత్రం కారుతోంది. మాసెదోనియో వెలిగించని కొవ్వొత్తిని రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. ఎవరి చంటిబిడ్డో ఏడవబోయి, ఏడవకుండానే ఊరుకుంది. బయట గూడ్సు బండి మొదలైంది. దాని పెట్టెలన్నీ దాటిపోయేదాకా విన్నాం. అదీ పోయింది. ఆవిడ వీపు కదులుతోందా లేదా అని చూస్తున్నాను.

మెల్లగా నడుము ఎత్తింది. ఫోటో జోలికి పోలేదు. ఆ గాజుగ్లాసు తీసుకుంది. కాడ పట్టుకుని వెలుతురుకి ఎత్తి, అందులో ఎన్ని నీళ్ళున్నాయో చూసింది. నీళ్ళు తొణికి రబ్బరు బూటు మీద పడ్డాయి.

గుడ్డ చాటు నుంచి కనిపిస్తున్న నీలం అంచు మీద ఆవిడ చూపు ఆగింది. అక్కణ్ణుంచి నా మీదికి వచ్చింది.

"ఇవేం చాలుతాయే ఆయనకి" అంది. ఆయన గురించి ఎన్నాళ్ళుగానో వాడని గొంతు అది. "దాహంతో పోయాడు. ఆ బకెట్టు ఇటు తే, కొమాద్రే."